అతిథి వెళ్లిపోయాక మిగిలేదే సేవ

ఏటా ఫిబ్రవరి 15న సంత్ సేవాలాల్ మహారాజ్ జయంతికి మనమందరం ఒకచోట చేరుతాం. భోగ్ సమర్పిస్తాం. వేదిక మీద అతిథులు మాట్లాడతారు. శాలువాలు, జ్ఞాపికలు ఇస్తాం. వికారాబాద్, తాండూరు వంటి పట్టణాల్లో సేవా క్లబ్బుల సభలు కూడా దాదాపు ఇలాగే జరుగుతాయి. ఒక సేవా కార్యక్రమం, ఒక ముఖ్య అతిథి, ఒక పురస్కారం ఉంటాయి. ఈ మూడింటి చరిత్రను మన యువత తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

సేవ మన జాతికి కొత్త కాదు. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసిన కాలంలో మన పూర్వీకులు ఆగిన చోటల్లా బావులు, చెరువులు తవ్వించారని చెప్పుకుంటాం. మధ్యప్రదేశ్‌లోని సాగర్ పట్టణంలో పెద్ద చెరువును నేటికీ లాఖా బంజారా పేరుతోనే పిలుస్తారు. 1675లో ఢిల్లీలో గురు తేగ్ బహదూర్ వీరమరణం పొందినప్పుడు, లఖీ షా బంజారా ఆయన పార్థివ దేహాన్ని తన ఇంట్లో ఉంచి, ఇంటికే నిప్పు పెట్టి అంత్యక్రియలు జరిపాడని సిక్కు సంప్రదాయం చెబుతుంది. అక్కడే నేడు రకాబ్ గంజ్ గురుద్వారా ఉంది. ఆ రాత్రి ఆయనకు శాలువా కప్పినవారు లేరు.

తర్వాత కాలం మారింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ వరకు రైలు మార్గం తాండూరు, వికారాబాద్ మీదుగానే వచ్చింది. దేశమంతటా ఇలా రైళ్లు, రోడ్లు వచ్చేకొద్దీ ఎడ్ల బిడారుల వ్యాపారం దెబ్బతింది. మనవాళ్లు తండాల్లో స్థిరపడి సేద్యం, పశువులు, కూలి పనుల మీద బతికారు. తెలంగాణ ప్రాంతంలో లంబాడీలకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు 1976 నాటి సవరణ చట్టంతో గానీ రాలేదు. ఒకప్పుడు ఊళ్లకు ధాన్యం చేర్చినవాళ్లం ఇతరుల సేవ కోసం ఎదురుచూసే స్థితికి వచ్చాం.

ఇదే కాలంలో సేవా క్లబ్బులు పుట్టాయి. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది రోటరీ క్లబ్బును ప్రారంభించాడు. 1917లో అదే నగరంలో మెల్విన్ జోన్స్ చొరవతో లయన్స్ క్లబ్బులు ఏర్పడ్డాయి. ఒక అతిథి ప్రసంగం ఏం చేయగలదో లయన్స్ చరిత్రలో కనిపిస్తుంది. 1925 జూన్ 30న అమెరికాలోని ఒహాయోలో జరిగిన వారి మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చింది. ఆమెకు చూపు లేదు, వినికిడి లేదు. అంధుల కోసం పని చేయమని ఆమె సభ్యులను అడిగింది. వాళ్లు ఒప్పుకున్నారు. నేటికీ ఆ క్లబ్బుల ముఖ్యమైన పని కంటి చూపు కాపాడటమే. ఆమె తన సంస్థను పొగిడించుకోవడానికి రాలేదు, ఒక పని అప్పగించి వెళ్లింది.

కార్యక్రమం విషయంలో రోటరీ చరిత్ర చూద్దాం. 1979లో ఫిలిప్పీన్స్ పిల్లలకు పోలియో టీకాలు ఇప్పించడంతో మొదలుపెట్టి, 1985లో ఆ పనిని ప్రపంచమంతటికీ విస్తరించింది. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న భారతదేశం పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చింది. మొదటి టీకా నుంచి అక్కడికి 35 ఏళ్లు పట్టింది. ఒక్కరోజు శిబిరంతో అయిన పని కాదు. తండా తండాకు నడిచివెళ్లి చుక్కలు వేసిన అంగన్‌వాడీ అక్కలు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు లేకుండా అయ్యేదీ కాదు.

మన ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ మరొకటి ఉంది. వికారాబాద్, తాండూరు అప్పట్లో రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. 1981లో ఏర్పడిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి ఆ జిల్లాలో వెట్టిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చే పని చేపట్టింది. నడిపించినవారు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆచార్యులు శాంతా సిన్హా. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వాళ్ల సూత్రం. పగలు పని, రాత్రి బడి అనే సర్దుబాటును ఒప్పుకోలేదు. పశువులు కాసే పిల్లలను బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో ఉంచి, చదువు నేర్పి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. ఊరి యువకులే కార్యకర్తలయ్యారు. ప్రభుత్వ ఉపాధ్యాయులు బాల కార్మిక విమోచన వేదికగా కలిసివచ్చారు. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. పని మొదలైన పన్నెండేళ్లకు వచ్చిన పురస్కారం అది. వయసుకు తగిన తరగతి, ప్రత్యేక శిక్షణ అనే మాటలు 2009 విద్యాహక్కు చట్టంలోనూ ఉన్నాయి.

ఇక పురస్కారాల సంగతి. రోటరీలో పాల్ హారిస్ ఫెలో, లయన్స్‌లో మెల్విన్ జోన్స్ ఫెలో అనే గౌరవాలు సాధారణంగా వెయ్యి డాలర్ల విరాళంతో ముడిపడి ఉంటాయి. అందులో తప్పు లేదు, ఆ డబ్బుతోనే టీకాలు, ఆపరేషన్లు జరుగుతాయి. కానీ గౌరవించడానికి మరో దారీ ఉంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని పది లక్షలకు పైగా ఆశా కార్యకర్తలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ఇచ్చింది. ఇందులో మన తండాల ఆడబిడ్డలకూ వాటా ఉంది. ఎంతమందికి ఆ సంగతి తెలుసు? మన వేదిక మీదికి ఎందరిని పిలిచాం?

యువ మిత్రులారా, నేడు మన తండాల నుంచి తల్లిదండ్రులు ముంబై, పుణెలకు పనికి వెళితే, పిల్లలు ముసలివాళ్ల దగ్గర మిగులుతున్నారు. కొందరు వెంట వెళ్లి బడికి దూరమవుతున్నారు. తాండూరు నాపరాయి గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే మనవాళ్ల ఊపిరితిత్తుల్లోకి రాతి దుమ్ము పోతోంది. వీటికి ఒక్కరోజు శిబిరం, ఒక ఫ్లెక్సీ సరిపోవు.

అందుకే మన సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాం. ఒకటి, ప్రతి తండాలో బడి మానేసిన పిల్లల పేర్లు మన యువతే రాసిపెట్టాలి. ఒక్కో బిడ్డ తిరిగి బడిలో చేరి నిలదొక్కుకునే దాకా ఆ పేరు కొట్టేయకూడదు. రెండు, మనం పిలిచే అతిథిని ఒక పని అడగాలి. అది అయిందో లేదో వచ్చే ఫిబ్రవరి 15న అదే వేదిక మీద చెప్పాలి. మూడు, మొదటి శాలువాను తండాలో పనిచేసే ఆశా అక్కకో, మనవళ్లను బడి మాన్పించని యాడికో, తన ఇంట్లో మొదటిసారి డిగ్రీ పూర్తిచేసిన చెల్లెలికో కప్పాలి.

సేవాలాల్ మహారాజ్ పేరులోనే సేవ ఉంది. ఆ పేరు చెప్పుకునే మనం వచ్చే ఏడాది సభలో ఎంతమంది అతిథులు వచ్చారో కాదు, ఎంతమంది పిల్లలు బడిలోకి వచ్చారో లెక్క చెబుదాం.

జై సేవాలాల్!