పేడే ఋణములు: నిషేధ నియంత్రణముల చరిత్ర

జీతము చేతికి వచ్చులోపల కలిగిన అక్కఱ తీర్చుకొనుటకై, రాబోవు జీతమునే ఆధారముగ చూపి, రెండు వారములకో నెలకో తీసికొను చిన్న మొత్తపు అప్పునకు పేడే ఋణమని పేరు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1990 తరువాత విస్తారముగ ప్రబలి, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా మున్నగు దేశములకు వ్యాపించిన యీ వ్యాపారము బొత్తిగ నిషేధింపదగినదా, లేక కట్టుదిట్టములతో సాగనీయదగినదా అను ప్రశ్న శాసనసభలలోను, న్యాయస్థానములలోను, కొన్ని రాష్ట్రములందు నేరుగ ఓటర్ల యెదుటను విచారణకు వచ్చినది.

స్వరూపము: ఇటీవలి జీతపు చీటీయు, బ్యాంకు ఖాతాయు చూపిన చాలును, తనఖా గాని, హామీదారుడు గాని అక్కఱలేదు. మూడువందల డాలర్లు కావలసినవాడు, జీతపుదినమున చెల్లునట్లుగ 345 డాలర్లకు చెక్కు వ్రాసి అప్పుల అంగడివాని చేతికిచ్చి, 300 డాలర్లు రొక్కముగ తీసికొని పోవును. నూటికి 15 డాలర్ల రుసుము పైకి స్వల్పముగ కానవచ్చును గాని, గడువు రెండే వారములగుటచే, మన వాడుక చొప్పున లెక్కించినచో అది నూటికి నెలకు 32 రూపాయలకు పైబడిన వడ్డీ. సాలుకైనచో నూటికి 391. జీతము వచ్చిననాడు ఇంటి అద్దెయు, సరకుల బాకీయు తీర్చవలసినవానికి 345 డాలర్లు ఒక్కమారుగ తీసియిచ్చుట సాధ్యము కాదు. కావున 45 డాలర్లు మాత్రము చెల్లించి, అప్పును తిరుగవ్రాయించుకొనును. ఇట్లు నాలుగుమారులు తిరుగవ్రాసిన పిమ్మట, 180 డాలర్లు చెల్లించియు, అసలులో ఒక్క డాలరైనను తీర్చనివాడై, ఐదవ రుసుమునకు బాకీపడి యుండును. ఈ వ్యాపారమునందలి కీడునకు మూలమంతయు ఈ తిరుగవ్రాతయే. అమెరికాలోని వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2014లో ప్రకటించిన పరిశీలనలో, నూటికి 80 ఋణములు పదునాలుగు దినములలోపల తిరుగవ్రాయబడుటయో, మఱియొక క్రొత్త అప్పునకు దారితీయుటయో జరుగుచున్నదని తేలెను. అమెరికాలోని ప్యూ సంస్థ 2012లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఇట్టి అప్పు చేయువారిలో నూటికి 69 మంది తొలిసారి అప్పు చేసినది ఆకస్మికముగ వచ్చిపడిన ఆపద కొఱకు కాదు. నెలనెల తప్పని అద్దె, తిండి, విద్యుచ్ఛక్తి మున్నగు ఖర్చుల కొఱకే.

పూర్వరంగము: పందొమ్మిదవ శతాబ్దాంతమున అమెరికా నగరములందు కార్మికులకును, గుమాస్తాలకును జీతముపై అప్పులిచ్చు వర్తకులు బయలుదేరిరి. నేడు ఐదు డాలర్లిచ్చి జీతపుదినమున ఆరు డాలర్లు రాబట్టుకొనుట వారిలో పలువురి పద్ధతి. వడ్డీ చట్టములను తప్పించుకొనుటకై, తాము అప్పిచ్చుట లేదనియు, కూలివాని రాబోవు జీతమును తగ్గింపుధరకు కొనుచున్నామనియు వారు చెప్పుచుండిరి. ఆనాటి చట్టములు అనుమతించిన వడ్డీ, చిన్న అప్పుల వసూలు ఖర్చులకైనను చాలనంత తక్కువగుటచే, న్యాయవర్తనులు ఆ వ్యాపారమువైపే రాలేదు. పేదవాడు చట్టమునకు వెలుపలివాని పాలబడెను. 1907లో స్థాపితమైన రస్సెల్ సేజ్ ఫౌండేషన్ ఆర్థర్ హామ్ నాయకత్వమున ఈ దుస్థితిని పరిశీలించి, 1916లో ఒక నమూనా చట్టమును రూపొందించెను. 300 డాలర్లకు మించని అప్పులకు నెలకు నూటికి మూడున్నర వఱకు వడ్డీని అనుమతించి, అనుమతిపత్రమును తప్పనిసరిచేసి, హద్దు మీఱినవారిని దండించుట అందలి సారము. న్యాయముగ వర్తకము చేయువానికి జీవనాధారము చూపిననే గాని అన్యాయవర్తకుని తఱుముట సాధ్యము కాదను ఈ సూత్రమును క్రమక్రమముగ పెక్కు రాష్ట్రములు అంగీకరించినవి.

పునరుద్భవము: 1978లో మార్క్వెట్ బ్యాంకు వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు, ఒక రాష్ట్రమునందలి జాతీయ బ్యాంకు తన స్వరాష్ట్రమున చెల్లు వడ్డీనే ఇతర రాష్ట్రములందును వసూలుచేయవచ్చునని తీర్పుచెప్పెను. బ్యాంకులను ఆకర్షించుటకై కొన్ని రాష్ట్రములు వడ్డీ హద్దులను ఎత్తివేసినవి. అధిక వ్యయమునకు జంకి పెద్ద బ్యాంకులు చిన్న అప్పులనుండి వైదొలగుచుండగ, చెక్కులకు రొక్కమిచ్చు అంగళ్లు ఆ స్థానమున ప్రవేశించెను. 1993లో టెనెసీ రాష్ట్రపు క్లీవ్‌లాండ్ పట్టణమున అలన్ జోన్స్ స్థాపించిన ‘చెక్ ఇంటు క్యాష్’ ఈ అంగళ్ల వరుసలలో మొదటివాటిలోనిది. ఆ దశాబ్దమున పలు శాసనసభలు ఈ వ్యాపారమునకు వడ్డీ చట్టములనుండి ప్రత్యేక మినహాయింపులిచ్చెను. కావున దీని వృద్ధికి వర్తకుల చొరవ యెంత కారణమో శాసనకర్తల అనుగ్రహమును అంత కారణమే.

నిషేధమార్గము: ఉత్తర కరొలీనా 1997లో ఇచ్చిన అనుమతిని 2001లో గడువు తీరిన పిమ్మట పొడిగింపలేదు గాని, అంగళ్లు ఇతర రాష్ట్రముల బ్యాంకుల పేరు అడ్డుపెట్టుకొని 2006 వఱకును సాగినవి. జార్జియా 2004లో కఠినశిక్షలతో నిషేధించెను. సైనికులు ఈ ఋణములలో చిక్కి కర్తవ్యమునకే దూరమగుచున్నారని రక్షణశాఖ నివేదింపగ, అమెరికా కాంగ్రెసు 2006లో సైనిక కుటుంబములకిచ్చు అప్పులపై సాలుకు నూటికి 36 హద్దు విధించెను. ఈ లెక్కన మూడువందల డాలర్లపై రెండు వారములకు రుసుము నాలుగు డాలర్ల చిల్లరయే గనుక, పేరునకు హద్దేయైనను ఫలమున నిషేధమే. మోంటానా (2010), దక్షిణ డకోటా (2016), కొలరాడో (2018), నెబ్రాస్కా (2020) రాష్ట్రములలో ఓటర్లు ఇదే హద్దును స్వయముగ ఆమోదించిరి.

ఒహాయో చరిత్ర ప్రత్యేకముగ గమనింపదగినది. 2008లో ఆ రాష్ట్రము వడ్డీ హద్దును సాలుకు నూటికి 28కి తగ్గించి, అప్పు గడువు నెలకు తక్కువ యుండరాదని శాసింపగ, వర్తకులు ప్రజాభిప్రాయమును కోరి ఓడిపోయిరి. అంతట వారు పేడే ఋణముల అనుమతిని విడిచి, ఇండ్ల తనఖాల కొఱకు ఏర్పడిన చట్టముక్రింద అనుమతులు సంపాదించి, పూర్వపు వ్యాపారమునే యథాతథముగ సాగించిరి. 2014లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, చట్టపు మాటలనుబట్టి ఇది తప్పు కాదనెను. 2018లో మరల శాసించిన గాని ఆ సందు మూసికొనలేదు. ప్రజలు స్పష్టముగ ఇచ్చిన తీర్పు పదియేండ్లు నిష్ఫలమైనది.

వాదప్రతివాదములు: నిషేధము అక్కఱను తీసివేయదనియు, అప్పు దొరకనివాడు చెల్లని చెక్కులకు జరిమానాలు కట్టుటయో, రహస్యపు వడ్డీవ్యాపారిని ఆశ్రయించుటయో జరుగుననియు ఒక పక్షము వాదించును. న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకు ప్రకటించిన మోర్గన్, స్ట్రెయిన్‌ల పరిశోధన, జార్జియా, ఉత్తర కరొలీనాలలో నిషేధానంతరము చెల్లని చెక్కులు హెచ్చెనని చూపినది. మఱియొక ప్రక్క, ఈ ఋణములు అందుబాటున నున్న కుటుంబములే అద్దె, గృహఋణము, ఇతర బిల్లులు కట్టుటకు హెచ్చుగ ఇబ్బందిపడుచున్నవని ఆర్థికవేత్త మెల్జర్ 2011లో నిరూపించెను. ఈ రెంటిని కలిపి చదివినచో, అక్కఱ నిజమైనదే గాని దానికి దొరకిన మందు రోగమును పెంచుచున్నదని బోధపడును.

నియంత్రణమార్గము: బ్రిటన్ 1854లో వడ్డీ హద్దులను రద్దుచేసి, 1927 చట్టమున సాలుకు నూటికి 48ని మించిన వడ్డీని అన్యాయముగ భావింపవలెనని శాసించి, 1974 చట్టముతో ఆ కొలతను కూడ విడిచిపెట్టెను. ఈ శూన్యమున పెరిగిన పేడే ఋణముల సంస్థ వాంగా తన ప్రకటనలలో సాలుకు నూటికి 5,853 వడ్డీని చూపు స్థితికి వచ్చెను. లేని న్యాయవాదుల పేర ఋణగ్రస్తులకు బెదిరింపు లేఖలు పంపినందుకు 2014లో అది 45,000 మందికి పరిహారము చెల్లింపవలసి వచ్చినది. పార్లమెంటు ఆదేశముననుసరించి ఆర్థిక ప్రవర్తన ప్రాధికారము 2015 జనవరి 2 నుండి మూడు హద్దులను అమలుపఱచెను: దినమునకు నూటికి 0.8 మించరాదు, గడువు తప్పినందుకు 15 పౌండ్లు మించరాదు, వడ్డీ, రుసుములు అన్నియు కలిసి అసలును మించరాదు. వ్యాపారము నశింపలేదు గాని మిక్కిలి కుదించుకొనెను. 2018 ఆగస్టులో వాంగా కూలిపోయెను.

అమెరికా కేంద్రప్రభుత్వ పక్షమున మాత్రము నిలుకడ లేదు. ఋణగ్రస్తుని చెల్లింపుశక్తిని విచారింపవలెనని వినియోగదారుల రక్షణ సంస్థ 2017లో చేసిన నియమమును 2020లో అదియే ఉపసంహరించుకొనెను. పరపతి సహకార సంఘములకు 2010లో అనుమతించిన ప్రత్యామ్నాయ ఋణములు మాత్రము ఆశాజనకములు: 200 నుండి 1,000 డాలర్ల వఱకు, ఒకటి నుండి ఆరు నెలల వాయిదాలలో, సాలుకు నూటికి 28కి మించని వడ్డీ.

భారతదేశము, తెలుగునాడు: వడ్డీ అసలును మించరాదను మూడవ బ్రిటిష్ హద్దు మనకు క్రొత్త కాదు. ఒక్కమారుగ రాబట్టు మొత్తము రెట్టింపును దాటరాదని మనుస్మృతి విధించెను. రాజగోపాలాచారి ప్రభుత్వము తెచ్చిన 1938 మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము, అసలునకు రెట్టింపు చెల్లించిన రైతు బాకీ పూర్తిగ తీఱినట్లే యని ఆంధ్ర జిల్లాలలో సైతము శాసించెను. సూక్ష్మఋణ సంస్థల వసూళ్ల ఒత్తిడి ఆత్మహత్యలకు దారితీయగ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2010 అక్టోబరులో తెచ్చిన శాసనముకూడ వడ్డీ అసలును మించరాదనెను. అయితే ఆ శాసనముతో వసూళ్లు చాలవఱకు నిలిచిపోయి, సంస్థలు క్రొత్త ఋణములిచ్చుట మానుకొనగ, ప్రత్యామ్నాయము సిద్ధపఱచని కాఠిన్యపు పరిమితి వెల్లడియైనది. 2015లో విజయవాడయందు కాల్‌మనీ పేర హెచ్చువడ్డీకి అప్పులిచ్చు వ్యాపారుల దౌర్జన్యములు బయటపడెను. 2020లో హైదరాబాదున లోన్ యాప్‌లపై కేసులు నమోదయ్యెను. రుసుము ముందుగనే కోసికొని మిగిలినది వారము గడువున కిచ్చి, తప్పినవెంటనే ఫోనులోని బంధుమిత్రులందఱకు సందేశములు పంపి పరువు తీయుట ఆ యాప్‌ల పద్ధతి. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2న, యాప్‌లు ఋణగ్రస్తుల ఫోనులోని పేర్ల జాబితాను తాకరాదనియు, సాలుసరి వడ్డీని ముందే తెలుపవలెననియు ఆదేశించెను.

సమీక్ష: ఈ చరిత్రయంతయు పరికించినచో, ఒక్కమారుగ తీర్చవలసిన రెండువారముల అప్పును, తిరుగవ్రాతను నిషేధించుట న్యాయమే, కాని పేరునుబట్టి మాత్రము నిషేధించిన చట్టము ఒహాయోలో వలె పేరుమార్పుతో ఓడిపోవును. ఏ పేరున ఇచ్చినను, ఏ చట్టముక్రింద ఇచ్చినను అన్ని ఖర్చులను కలుపుకొని లెక్కించు హద్దు, ఋణగ్రస్తుని చెల్లింపుశక్తి విచారణ, వాయిదాల సౌకర్యము, వీనితోపాటు సహకార సంఘములద్వారా చౌకయైన చిన్న అప్పు, ఈ నాలుగును కలిసిననే గాని పేదవానికి రక్షణ లేదు. తొలి మూడింటిని శాసనము ఒక్కదినమున విధింపగలదు. నాలుగవదానికి మూలధనమును ప్రభుత్వములు సమకూర్పవలసియున్నది. దానిని సమకూర్పక చేసిన నిషేధము, ఆపదలోనున్నవానిని ఒక వడ్డీవ్యాపారి నుండి తప్పించి వేఱొకని చేతికి అప్పగించుటయే యగును.