పదమూడు రూపాయల దీనారు

రాయచోటి, రాజంపేట వైపు పల్లెల్లో ఫోను మోగితే క్షేమసమాచారాల తర్వాత వచ్చే మొదటి మాట, "ఈరోజు దీనారుకు ఎంత పలుకుతోంది?" కోనసీమలోనూ అంతే. కువైట్‌లో ఇంటిపని చేసే అమ్మ, డ్రైవరుగా ఉన్న అన్న జీతం అందగానే డబ్బు పంపే కౌంటరు దగ్గర బోర్డు చూస్తారు. రెండు రూపాయలు పెరిగేదాకా ఆగుదామా, ఇవాళే పంపేద్దామా అని లెక్కలు వేసుకుంటారు.

2024లో ఒక్క దీనారుకు 270 రూపాయల పైనే వచ్చాయి. అదే దీనారు పుట్టినరోజున దాని వెల 13 రూపాయల 33 పైసలు. అంతకుముందు కువైట్ బజారులో చెలామణీ అయింది మన రూపాయే.

అది చమురు బయటపడని కాలం. కువైట్ బతుకంతా సముద్రం మీదే. ముత్యాలు, ఖర్జూరాలు నింపుకుని తెరచాప ఓడలు బొంబాయికి వచ్చేవి. తిరుగు ప్రయాణంలో బియ్యం, బట్టలు పట్టుకుపోయేవి. ఆ ఓడలు కట్టడానికి టేకు కూడా మలబారు నుంచే వెళ్లేది. సరుకు ఎక్కడ అమ్మితే అక్కడి డబ్బే చేతికొస్తుంది కదా, అలా రూపాయి అక్కడ స్థిరపడింది. 1899 ఒప్పందంతో కువైట్ బ్రిటిష్ రక్షణలోకి వెళ్లాక ఆ బంధం ఇంకా బిగిసింది. అక్కడి ఉత్తరాల మీద కూడా 'కువైట్' అని అదనంగా అచ్చువేసిన భారతీయ తపాలా బిళ్లలే ఉండేవి.

రూపాయికి ఆనాడు పౌండుతో ముడి ఉండేది. 1927 చట్టం ఒక రూపాయిని ఒక షిల్లింగు ఆరు పెన్నీలుగా ఖాయం చేసింది. అంటే పౌండుకు 13 రూపాయలు, పైన ఒక రూపాయిలో మూడోవంతు. పద్దు పుస్తకాల్లో రూ. 13-5-4 (రూపాయలు, అణాలు, పైలు). దీనారు పుట్టుకకు ఈ అంకే కీలకం.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా గల్ఫ్‌లో రూపాయి చెలామణీ ఆగలేదు. చిక్కంతా బంగారంతో వచ్చింది. మన దేశంలో బంగారం దిగుమతిపై ఆంక్షలు, ధర చూస్తే బయటికంటే ఎంతో ఎక్కువ. దొంగ బంగారం ఓడల్లో ఇటు వచ్చేది, దాని వెల కింద రూపాయి నోట్లు అటు వెళ్లేవి. ఆ నోట్లు అక్కడి బ్యాంకుల గుండా రిజర్వ్ బ్యాంకుకు చేరితే, బదులుగా మనం పౌండ్లు ఇవ్వాలి. అసలే అరకొరగా ఉన్న విదేశీ మారక నిల్వ ఈ దారిన కరిగిపోయేది.

దాంతో 1959లో భారత ప్రభుత్వం గల్ఫ్‌కు విడిగా నోట్లు తెచ్చింది. చూడటానికి మన నోట్లే, అవే అశోకుడి సింహాలు. రంగు మాత్రం వేరు, నంబరు ముందు 'జెడ్' అక్షరం. గల్ఫ్‌లో చెల్లుతాయి, మన బజారులో చెల్లవు. ఒకే రూపాయికి రెండు రూపాలు వచ్చాయి.

సొంత నాణెం కావాలన్న ఆలోచన కువైట్‌లో అప్పటికే బలపడింది. 1961 ఏప్రిల్ 1న దీనారు వచ్చింది. జూన్ 19న స్వాతంత్ర్యం వచ్చింది. దీనారును సరిగ్గా ఒక పౌండుకు సమానం చేశారు, కాబట్టి 13 రూపాయల 33 పైసలు అయింది. దీనారుకు వెయ్యి ఫిల్సులు, రూపాయికి 75 ఫిల్సులు. దీనారు పెద్ద విలువతో మొదలవడానికి కారణం ఇంతే. పౌండునే కొలతగా ఎంచుకున్నారు.

1966 జూన్ 6న ఇందిరాగాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరుకు 4.76 నుంచి 7.50కి మారింది. దీనారు ఒక్కరోజులో 21 రూపాయలైంది. ఇంకా రూపాయినే వాడుతున్న ఖతర్, దుబాయ్ లాంటి గల్ఫ్ రాజ్యాలు దాన్ని వదిలేశాయి. ఒమన్ మాత్రం 1970 దాకా వాడింది. అక్కడి చిల్లరను ఇప్పటికీ 'బైసా' అంటారు, మన పైసాయే అది. 1967లో పౌండు విలువ కూడా పడిపోయింది. కువైట్ మాత్రం పౌండు వెంట దిగలేదు.

చమురు డబ్బు పెరిగాక మనవాళ్ల వలస ఊపందుకుంది. 1990 నాటికి దీనారు సుమారు 60 రూపాయలు. ఆ ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి దిగాయి. నిన్నటిదాకా దాచుకున్న దీనార్లు చేతిలో కాగితాలయ్యాయి. లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాల్లో తీసుకొచ్చారు. కష్టం వాళ్లతో ఆగలేదు. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గి, చమురు ధర పెరిగి, అప్పటికే బలహీనంగా ఉన్న మన మారక నిల్వలు అడుగంటాయి. 1991 జులై 1, 3 తేదీల్లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం రూపాయి విలువను రెండుసార్లు తగ్గించింది. 1993లో రేటును మార్కెట్‌కు వదిలాక దీనారు వంద రూపాయలు దాటింది.

ఈ ప్రయాణమంతా దీనారుదే అనిపిస్తుంది. డాలరుతో పోల్చి చూస్తే సంగతి తెలుస్తుంది. 1961లో దీనారుకు 2.80 డాలర్లు, ఇప్పుడు 3.25 దగ్గర. అరవై ఏళ్లలో అది దాదాపు ఉన్నచోటే నిలబడింది. నడిచింది రూపాయి, డాలరుకు 4.76 నుంచి 2024లో 84 దాకా. ఒకనాడు 75 ఫిల్సులు పలికిన రూపాయికి ఇవాళ నాలుగు ఫిల్సులు కూడా రావు. కువైట్‌లో వాడే అతి చిన్న నాణెం అయిదు ఫిల్సులు.

రూపాయి తగ్గినప్పుడు పల్లెలో అప్పు తీర్చే ఇంటికి కాస్త ఊపిరాడుతుంది. ఆ సంతోషాన్ని నేను కాదనను, అది చెమటోడ్చి సంపాదించుకున్నది. అయితే మనం వాడే పెట్రోలు, వంటనూనెలో పెద్ద భాగం బయటి నుంచే వస్తుంది. దీనారు ఎంతని అడిగిన ఇంట్లోనే సాయంత్రం నూనె ప్యాకెట్టు ఎంతని అడుగుతారు. ఆ రెండు ప్రశ్నలకూ జవాబిచ్చేది ఒకే రూపాయి.