తన చేతి వాపును తానే చదివిన వైద్యుడు

వైద్య చరిత్ర అనగానే మీకు టీకాలు, సూక్ష్మజీవులు గుర్తుకు రావచ్చు. ఇక్కడ మనం చూడబోయేది మాత్రం ఏ పరికరమూ లేకుండా, రోగి మంచం పక్కన నిలబడి చేసిన ఒక పరిశీలన.

అర్మాన్ ట్రూసో (1801–1867) పారిస్‌లోని హోటల్ ద్యూలో ఆచార్యుడు. పేరు చూసి పొరబడకండి, అది ఆ నగరంలోని అతి పాత ఆసుపత్రి. కాలి సిరలో రక్తం గడ్డకట్టి, కాలు తెల్లగా వాచి నొప్పిపెట్టే జబ్బు బాలింతల్లో వస్తుందని అప్పటికే తెలుసు. అయితే బాలింతలు కానివారిలోనూ, ఏ దెబ్బా తగలనివారిలోనూ అది ట్రూసోకు కనిపించింది. ఒక సిరలో తగ్గి మరో సిరలో తలెత్తేది. అటువంటి కొందరి కడుపులో క్యాన్సర్ దాగి ఉండేది. జీర్ణాశయంలో ఉన్నది పుండో, క్యాన్సరో తేలనప్పుడు ఈ వాపు కనిపిస్తే క్యాన్సర్ అనే నిర్ణయానికి వస్తానని ఆయన 1865లో అచ్చయిన ఉపన్యాసంలో స్పష్టంగా చెప్పాడు.

కణితి సిరను నొక్కడం వల్లే వాపు వస్తుందనుకోవడం తేలిక. కానీ కడుపులో కణితి ఉంటే చేతి సిర ఎందుకు మూసుకుపోవాలి? రక్తమే మారిపోయి ఉండాలని ట్రూసో ఊహించాడు. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఈ ఊహలోనే ఉంది. కొన్ని కణితుల కణాలు రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లను విడుదల చేస్తాయని ఇప్పుడు మనకు తెలుసు.

1867 జనవరి 1న ట్రూసో ఎడమ చేయి వాచింది. అంతకుముందు నుంచే ఆయనకు కడుపులో బాధ ఉంది. ఇక తనకు ఆశ లేదని, ఈ వాపుతో జబ్బేమిటో తేలిపోయిందని శిష్యుడు పీటర్‌తో అన్నాడని చెబుతారు. అది తెలిసినా చేయగలిగిందేమీ లేదు. జీర్ణాశయ క్యాన్సర్‌కు బిల్‌రోత్ వియన్నాలో విజయవంతంగా శస్త్రచికిత్స చేసింది 1881లో. రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ బయటపడింది 1916లో. ట్రూసో జూన్ 23న మరణించాడు. ఆరు నెలలైనా నిండలేదు. ఆయన క్యాన్సర్ జీర్ణాశయానిదని కొన్ని గ్రంథాలు, క్లోమానిదని మరికొన్ని రాస్తాయి. ఆధారాలను పోల్చి చదవడం ఎందుకు అవసరమో మీకు ఇక్కడ అర్థమవుతుంది.

మరొక మాట. ట్రూసో పేరుతో రెండు సంకేతాలున్నాయి. చేతికి పట్టీ బిగించినప్పుడు వేళ్లు కొంకర్లు పోవడం కాల్షియం లోపానికి గుర్తు. పరీక్షలో ఏటా కొందరు దాన్ని దీనితో కలిపేస్తుంటారు.