అడుగు ఫ్రెంచిది, నడక ఇటాలియన్‌ది

మా అమ్మాయి వెళ్ళే బాలే క్లాసులో రెండు భాషలు వినిపిస్తాయి. మోకాళ్ళు వంచితే "ప్లియే", ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి గెంతితే "జెతే". ఇవి ఫ్రెంచి మాటలు. మొదటిదానికి వంచినది అనీ, రెండోదానికి విసిరినది అనీ అర్థం. నెమ్మదిగా సాగే భాగం "అడాజియో", చురుగ్గా సాగేది "అలెగ్రో". ఇవి సంగీతం నుంచి వచ్చిన ఇటాలియన్ మాటలు.

ఎందుకిలా? బాలే పుట్టింది ఇటలీ రాజాస్థానాల్లో, పెరిగింది ఫ్రాన్సులో. 14వ లూయీ స్వయంగా నర్తకుడు. 1653లో సూర్యుడి వేషం కట్టాడు, 1661లో నాట్యానికి అకాడమీ పెట్టాడు. పాదాలు పెట్టే తీరులు అయిదని తేల్చింది ఆయన నాట్యగురువు పియేర్ బోషాం అంటారు. అలా అడుగుల పేర్లు ఫ్రెంచిలో స్థిరపడ్డాయి. సంగీతంలో అప్పట్లో ఇటాలియన్లదే పైచేయి కాబట్టి నడకల పేర్లు వాళ్ళవే అయ్యాయి.

మనకిదేం వింత కాదులెండి. తంజావూరులో నాయకరాజులు, తరవాత మరాఠారాజులు తెలుగుని ఆదరించారు. త్యాగరాజు (1767-1847) తిరువయ్యారులో ఉండి ఎక్కువగా తెలుగులోనే కీర్తనలు కట్టాడు. రాజ్యాలు పోయినా, తెలుగు రాని గాయకులు ఇప్పటికీ తెలుగులో పాడుతున్నారు.

ఇక్కడ సంగీతం నేర్చుకునే మన పిల్లల్లో చాలామందికీ ఆ సాహిత్యం అర్థం తెలియని శబ్దమే. క్లాసు నుంచి తీసుకొచ్చేటప్పుడు కారులో ఒక్కో మాటకీ అర్థం చెబితే పోలేదూ?