మన్యం పితూరీల చరిత్ర: విషయ విభజన సమస్య

మన్యం పితూరీలను గురించి యువ పరిశోధకులు రాసిన వ్యాసాలు కొన్ని ఈ మధ్య వరుసగా చదవటం తటస్థించింది. శ్రమకు లోటు లేదు. దస్త్రాలు చూశారు, గెజెటీర్లు తిరగేశారు, తేదీలు సరిచూసుకున్నారు. అయినా చదవటం ముగించేసరికి కొండమనిషి మన కళ్ళకు కట్టడు. ఇందుకు కారణం ఆధారాల కొరత కాదు. ఆధారాలను పేర్చిన తీరులోనే లోపమున్నదని నా అభిప్రాయం.

కొందరు పుస్తకాల వరుసలో రాస్తున్నారు. 1869లో కార్మైకేల్ విశాఖపట్నం జిల్లా మాన్యువల్‌లో ఇలా అన్నాడు, 1907లో గోదావరి గెజెటీరులో హెమింగ్వే అలా అన్నాడు, 1909లో థర్‌స్టన్ ఇంకొకటన్నాడు అంటూ సాగుతుంది ఆ రచన. ఇది చరిత్ర కాదు, హాజరు పట్టీ. ఇంకొందరు తేదీల వరుస పడుతున్నారు. కొండప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టరును ఏజెంటుగా నిలిపిన 1839 నాటి చట్టం, 1879 రంప పితూరీ, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి, 1924 మే 7న సీతారామరాజు మరణం. తేదీలు లేని చరిత్ర ఎక్కడా లేదు. కాని తేదీల వరుసలో నాయకుడొక్కడే నడుస్తాడు. గంటం దొరా మల్లు దొరా కూడా వెనక నడిచే గుంపులో కలిసిపోతారు.

మూడో పద్ధతి ఒకటున్నది. ఒక్కొక్క సంగతిని ఒక్కొక్క కాగితం ముక్క మీద రాసుకుని, పైన ఆధారమూ సంవత్సరమూ వేసుకుని, ఏవి దేనితో పోతాయో చూసి దొంతరలు పెట్టటం. ఈ దొంతరలే వ్యాసంలో ప్రకరణాలవుతాయి. ఈ పని చాలామంది చేస్తున్నారనే అంటారు. నిజానికి చేస్తున్నదేమిటంటే, దొంతర పేర్లు ముందే రాసి పెట్టుకుని కాగితాలను వాటిలోకి నెట్టటం. ఆ పేర్లయినా మనవి కావు. రంప పితూరీ కారణాలను విచారించటానికి రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివన్‌ను పంపారు. మునసబుదారు దుష్పరిపాలన, ఆబ్కారీ నిబంధనలు, పోలీసుల పీడన, పల్లపు వర్తకుల దావాలు అని అప్పటి సర్కారు వేసుకున్న పద్దులే నేటికీ మన పరిశోధకుల ప్రకరణాలు. దొరతనం వెళ్ళిపోయినా దాని విషయసూచిక మాత్రం మన మేజాల మీద ఉండిపోయింది.

కల్లు సంగతే చూడండి. సొంత వాడకానికైనా సరే, గుత్తేదారుకు చెల్లించనిదే కల్లు గీయరాదన్న కట్టడి రంపలో నిప్పు పెట్టింది. మునసబుదారు వేసిన చిగురుపన్ను అప్పటికే ఉన్నది. ఆబ్కారీ అన్న శీర్షిక పెట్టేసరికి ఈ కాగితం మత్తు పదార్థాల మీద సర్కారు రాబడి లెక్కల్లోకి పోతుంది. చదివేవాడికి తాగుబోతుల తగాదాలాగా కనిపిస్తుంది. ఇప్పుడు దీని పక్కన ఇంకొక కాగితం పెట్టండి. 1945లో వెలువడిన హైమెన్‌డార్ఫ్ పుస్తకం కొండరెడ్లను గురించినది. జీలుగు చెట్టు వాళ్ళకు కల్లు ఒక్కటే ఇవ్వదు. తిండిగింజలు అయిపోయిన రోజుల్లో ఆ మానులోని పిండే గంజి. పోడు పంట చేతికి వచ్చేదాకా నెట్టుకురావటానికి చెట్టే ఆధారం. అంటే కల్లు కాగితం చేరవలసింది ఆబ్కారీ దొంతరలో కాదు, పోడు దొంతరలో. 1882 నాటి మద్రాసు అడవుల చట్టం పక్కన. అప్పుడు ప్రకరణం పేరు మారుతుంది: తిండి. ఈ పేరు నేను సిద్ధాంతంలో నుంచి తెచ్చినది కాదు, రెండు కాగితాలు కలిసి చెప్పినది.

అంతటితో అయిపోలేదు. అదే మన్యంలో నలభై ఏళ్ళ తరువాత సీతారామరాజు తాగుడు మానండి అని బోధించాడు. ఒక తరం గీత హక్కు కోసం ప్రాణాలిచ్చింది. మరొక తరం కల్లు ముంత దించమన్న వాడి వెంట నడిచింది. తేదీల వరుసలో రాసేవాడికి ఈ రెండూ నలభై పుటల ఎడంలో ఉంటాయి గనుక తగాదా కనిపించదు. పద్దుల వరుసలో రాసేవాడు రెండోదాన్ని 'సహాయ నిరాకరణ ప్రభావం' అన్న శీర్షిక కింద దాచేస్తాడు. ఒకే దొంతరలో ఎదురెదురుగా ఉంచినప్పుడే ప్రశ్న లేస్తుంది. సమాధానం వెంటనే దొరక్కపోవచ్చు. ప్రశ్న లేవటమే ప్రకరణానికి ప్రాణం.

కోర్టుల సంగతిలో ఇంతకంటె చక్కని అతుకు కుదురుతుంది. రంపలో పల్లపు వర్తకులు ఏకపక్షపు డిక్రీలు పుచ్చుకుని కొండవాళ్ళ పశువులను తోలుకుపోయారు. అయిదు రూపాయల బాకీకి నూరు రూపాయల సొత్తు పోయిందన్న ఫిర్యాదు గెజెటీరులోనే ఉన్నది. కోర్టులు విడిచి పంచాయితీలు పెట్టుకోండని రాజు చెప్పిన మాటను ఈ కాగితం పక్కన పెడితే, ఆ మాట గాంధీగారి దగ్గర నుంచి దిగివచ్చినదే కాదు, కొండలో దానికోసం చెవులు ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాయని తెలుస్తుంది. నర్సీపట్నం, చింతపల్లి రోడ్డు కూలీ ఎగవేత, వెట్టిమోత వగైరాల మీద ఇప్పటికే తగినంత రాశారు గనుక విస్తరించను.

1839 నుంచి 1924 దాకా ఈ తిరుగుబాట్లను ఒకే ధారగా చూడవచ్చునని 1982లో సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటంలో డేవిడ్ ఆర్నాల్డ్ రాసిన వ్యాసం చూపించింది. ఆ మరుసటి సంపుటంలో రణజిత్ గుహ ఇంకొంచెం కటువైన మాట అన్నాడు: అధికారి రాసిన నివేదికలోని చూపు, గెజెటీరు దాటి, ప్రజాపక్షం వహించే చరిత్రకారుడి రచనలో కూడా చొరబడుతున్నదని. ఈ విమర్శ మనకూ తగులుతుంది. అందుకు అరకు వైపునే ఒక ఉదాహరణ ఉన్నది.

1900లో నాటి పాడువా తాలూకాలో కొర్ర మల్లయ్య అనే కొండదొర తనకు పూనకం వచ్చిందన్నాడు. నాలుగయిదు వేల మంది చేరారు. తాను పంచపాండవులలో ఒకడననీ, తన పసికొడుకు కృష్ణుడనీ, వెదురుబొంగులు తుపాకులవుతాయనీ, సర్కారు ఆయుధాలు నీళ్ళవుతాయనీ, ఇంగ్లీషువాళ్ళను వెళ్ళగొట్టి తానే ఏలుతాననీ చెప్పాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు చనిపోయారు. పోలీసు కాల్పుల్లో పదకొండుగురు కూలారు. ఇద్దరికి ఉరి. మల్లయ్య జైల్లో పోయాడు. ఈ కథ ఫ్రాన్సిస్ రాసిన 1907 విశాఖపట్నం గెజెటీరులోనూ, థర్‌స్టన్ సంపుటంలోనూ ఉన్నది. రెండు ఆధారాలని లెక్క వేస్తున్నారు. థర్‌స్టన్ గెజెటీరు నుంచి ఎత్తుకున్నాడు గనుక ఆధారం ఒక్కటే. కాగితాలు రెండయినా సాక్షి ఒకడే.

ఈ కాగితాన్ని ఏ దొంతరలో వేస్తాం? అధికారి 'మూఢనమ్మకం' అన్నాడు. మనవాళ్ళు దీన్ని పన్నులు, అప్పుల దొంతరలోకి లాగి, పాండవుల మాటను పైపూతగా కొట్టిపారేస్తున్నారు. నాకు రెండూ తప్పుగానే తోస్తున్నవి. పన్ను కట్టలేని మనిషి పన్ను తగ్గించమని అర్జీ పెట్టుకుంటాడు. మల్లయ్య అర్జీ పెట్టలేదు, ఏలుతానన్నాడు. రాజ్యం ఎవరిదన్న దొంతర ఒకటి విడిగా పెట్టవలసి ఉన్నది. ముఠాదారుల సనదులు, రంప మునసబుదారు పదవీచ్యుతి అందులోకే వస్తాయి. ఆ దొంతర పెట్టినప్పుడు వెదురుబొంగుతో కవాతు చేయటం వెర్రి కాదు, తుపాకీ పట్టినవాడిదే రాజ్యమని కొండ నేర్చుకున్న పాఠమని అర్థమవుతుంది.

ఇక ఆ పసికొడుకు. తండ్రి పోయాడు, కొడుకూ పోయాడు, అలజడి సద్దుమణిగింది అన్న ధోరణిలో గెజెటీరు ఒక్క వాక్యంలో ముగిస్తుంది. ఒక బిడ్డ చావు శాంతిభద్రతల పునరుద్ధరణలో అంశంగా నమోదయింది. ఆ కాగితం ముక్కను తిండిలో వేయలేను, కోర్టుల్లో వేయలేను, రాజ్యంలోనూ వేయలేను. నా మేజా మీద అది విడిగానే ఉన్నది.