నిన్నటి బొట్టు, ఇవాళ్టి బొట్టు

సినిమా చూస్తూ హీరోయిన్ బొట్టు మారిందని ముందు పట్టేసేదెవరంటారు? మగవాళ్ళు కాదండీ, మనమే! గడపలో నిలబడి ఏడుస్తుంటే కొప్పులో మల్లెపూలు, మరుక్షణం దగ్గరగా చూపిస్తే కనకాంబరాలు! మా మేనత్తకి అలాంటిదొకటి దొరికితే ఇక కథెందుకు, ఇల్లు చేరేదాకా అదే మాట. ఇలాంటి కళ్ళకి చిక్కకుండా చూసుకోవడాన్నే సినిమావాళ్ళు కంటిన్యుటీ అంటారు.

మా చిత్తూరుని ఇంటిపేరు చేసుకున్న నాగయ్యగారిని తలుచుకుంటే ఆ కష్టం తెలుస్తుంది. ఆయన పుట్టింది రేపల్లెలో. నాటకాల్లో పేరొచ్చింది మా ఊళ్ళో. సారంగధరలో చిత్రాంగి వేషం కట్టేవారు. నాటకంలో ఒకసారి రంగు పూసుకుంటే కథ వరసగా నడిచిపోతుంది. 1938లో గృహలక్ష్మితో సినిమాకెళ్ళాక ఆ వరస ఎక్కడిది? సెట్టు ఒకటి వేస్తే అందులో జరిగే మొదటి సీనూ, చివరి సీనూ కలిపి తీసేస్తారు.

1947లో వచ్చిన యోగి వేమననే తీసుకోండి. భోగిగా తిరిగినవాడు, అన్నకూతురు జ్యోతి పోయాక విరాగి అవుతాడు. గడ్డం ఎంత పెరిగింది, పంచె ఎలా కట్టాడు, ఇవి అసిస్టెంటు డైరెక్టరు నోటుపుస్తకంలో ఉంటాయి, స్టిల్ ఫొటోలో ఉంటాయి. సీను, షాటు నంబర్లు క్లాప్ పలక మీద ఉంటాయి. దుఃఖం ఎంతదాకా వచ్చిందో ఎందులో రాస్తారు? అది నటుడు గుండెలో పెట్టుకోవలసిందే. నాగయ్యగారి గొప్ప నాకు అక్కడే కనిపిస్తుంది.

చూపులకీ ఓ కట్టుబాటుంది. అత్త కుడివైపు చూసి మాట్లాడితే కోడలు ఎడమవైపు చూడాలి. ఇద్దరి మధ్యా గీత ఉందనుకుని కెమెరా ఆ గీతకి ఒకే పక్కన ఉంటుంది. దాటిందా, ఇద్దరూ ఒకే దిక్కు చూస్తూ మూడో మనిషితో తగువాడుతున్నట్టుంటుంది! తెర కుడి అంచున వెళ్ళిన మనిషి తరువాతి షాటులో ఎడమనుంచి రావాలి. ఎడిటరేమో మనిషి కూర్చోబోతుండగా తుంచి, కూర్చునే షాటు అతికిస్తాడు. మన కన్ను కదలిక వెంట పోతుంది, అతుకు చూడదు.

యోగి వేమన తీసిన కె.వి.రెడ్డిగారే 1957లో మాయాబజార్ తీశారు, తెలుగులోనూ తమిళంలోనూ. శశిరేఖ రెండింటా సావిత్రే. అభిమన్యుడు మాత్రం ఇక్కడ నాగేశ్వరరావు, అక్కడ జెమినీ గణేశన్. ఒకే సిగ్గుని ఇద్దరు నాయకుల ముందు, రెండు భాషల్లో పడాలి. పైగా ఘటోత్కచుడు దాగిన మాయా శశిరేఖ కూడా ఆవిడే. నగలవే, జడ అదే. నడకలో మాత్రం రంగారావు!