హాండుబ్రేకు కథ

జీవితమంతయు వ్యాకరణము చెప్పుకొని బ్రదికినవాడు మోటారుకారును గూర్చి ప్రసంగింప వచ్చెనేమని కొందఱు శ్రోతలు నవ్వుకొనవచ్చును. నవ్వుటకు వారికి హక్కు కలదు. కాని యీ ప్రసంగము నేనొక పూర్వశిష్యునకు తీర్పవలసిన బాకీ. "ఎందువలన?" అని వాడడిగిన ప్రశ్నకు ఆనాడు నేను బదులు చెప్పలేకపోతిని. దాని ఫలమును వాడనుభవించెను.

కొన్నేండ్ల క్రిందటి మాట. నెల్లూరిలో నాయొద్ద చదివి, పరదేశమున ఉద్యోగము చేసి తిరిగివచ్చిన ఆ యువకుడు నాలుగు చక్రములకును ఇంజను బలము చేరెడి వేగపు కారొకటి కొనెను. ఒకనాటి సాయంకాలము మా యింటి యరుగుపై కూర్చుండి, "అయ్యవారూ, పరుగెత్తుచున్న కారులో హాండుబ్రేకు లాగినచో వెనుకభాగము జాఱి, కారు గిఱ్ఱున తిరుగునట. మైపాడు తీరమున తడియిసుకపై చేసి చూడవలెనని యున్నది" అనెను. "వద్దు నాయనా" అంటిని. "ఎందువలన వద్దండీ?" అనెను. చెప్పుటకు నాకు తెలిసినగదా! "పెద్దవాడను చెప్పుచున్నాను, వినుము" అని ఊరకుంటిని.

వాడు వినలేదు. సముద్రము వెనుకకు తీసిన వేళ తడియిసుకపై కారు పరుగెత్తించి, క్లచ్చి త్రొక్కి, హాండుబ్రేకు లాగెను. కారు తిరుగలేదు. ముందు చక్రములు ప్రక్కకు తిరిగియున్నను లెక్కసేయక తిన్నగా జాఱిపోయెను. వాడు భయపడి బ్రేకు వదలినంతనే చక్రములకు పట్టు చిక్కి, కారు ఒక్కసారిగా ప్రక్కకు మళ్ళి, పొడియిసుకలో దిగబడి బోర్లపడెను. భుజపుటెముక విఱిగెను, ప్రాణము దక్కెను. చేతికి కట్టుతో మా యింటికి వచ్చి, "మీరు కారణము చెప్పియుండినచో మానియుందునండీ" అనెను. ఆ మాట నన్ను చాల దినములు నిద్రపోనీయలేదు. అప్పటినుండి నాకు చేతనైనంత చదివి, తెలిసినవారి నడిగి గ్రహించినది నేడు మనవి చేయుచున్నాను.

మొదట మన యెడ్లబండిని తలచికొందము. బండి మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము పెద్దదారిని, లోపలి చక్రము చిన్నదారిని పోవలెను. బండిచక్రములు రెండును ఇరుసుపై దేనికది తిరుగును గనుక వానికి తగవు లేదు. మోటారుకారులో ఇంజనే చక్రములను త్రిప్పవలసి వచ్చుటచే చిక్కు పుట్టినది. ఒక్క కడ్డీకి రెండు చక్రములను బిగించినచో మలుపులో ఒకటి యీడ్వబడును. కావున బలమును రెంటికి పంచుచునే వాని వేగములలో భేదమునకు తావిచ్చెడి పళ్ళచక్రముల కూర్పును కనుగొనిరి. దానిని డిఫరెన్షియలు అందురు. 1820-30 నడుమ ఫ్రాన్సు దేశమున ఒనెసిఫోర్ పెకర్ అను గడియారములవాడు ఆవిరిబండికొఱకు దీనిపై పేటెంటు పొందెను.

ఇక హాండుబ్రేకు. ఇది నిలిపిన కారు కదలకుండుటకై పుట్టినది. సాధారణముగా ఉక్కుతీగెచే వెనుక చక్రములను మాత్రమే బంధించును. దొర్లుచున్న టైరు నేలను ముందువెనుకలకే కాక ప్రక్కలకును పట్టుకొనియుండును. దానిని బంధించి ఈడ్చినచో ప్రక్కపట్టు చాలవఱకు పోవును. మలుపులోనున్న కారున కిట్లు జరిగెనేని ముందుభాగము నేలను పట్టుకొనియే యుండును. వెనుకభాగము వెలుపలికి జాఱును. కారు తన ముందు చక్రములను ఆధారము చేసికొని తిరుగును. ఇరుకు మలుపులలో దీనిని విద్యగా సాధించినవారు ర్యాలీ పందెగాండ్రు. ర్యాలీ యనగా ఇతరులు రాకుండ మూసిన కొండదారులలోను మట్టిదారులలోను కాలముతో పెట్టుకొన్న పోటీ.

ఈ విద్యకు అనువైనది ముందు చక్రములకు మాత్రమే ఇంజను బలము చేరెడి కారు. స్వీడను దేశపు సాబ్ కారులో ఎరిక్ కార్ల్‌సన్ 1962లోను 1963లోను, ఆంగ్లేయుల చిన్న మినీ కారు 1964, 1965, 1967 సంవత్సరములలోను మాంటీ కార్లో ర్యాలీని గెలిచినవి. అట్టి కారులలో వెనుక చక్రములు కేవలము వెంబడించునవి. వానిని బంధించినను ముందు చక్రములతో వానికి లంకె లేదు.

నాలుగు చక్రములకును బలము చేరెడి కారు క్రొత్తది కాదు. 1903లోనే హాలండు దేశపు స్పైకరు సంస్థవారు అట్టిదానిని నిర్మించిరి. కాని ర్యాలీలలో దానికి పట్టము కట్టినది జర్మనీ దేశపు ఆడీ క్వాట్రో. ఇది 1980 మార్చిలో జెనీవా ప్రదర్శనమున వెలువడెను. 1981లో ప్రపంచ ర్యాలీ పోటీలలో ప్రవేశించెను. ఆ యేడే మిషెల్ మూటన్ అను ఫ్రెంచి వనిత దీనితో ఇటలీలోని సాన్ రేమో ర్యాలీ గెలిచి, ప్రపంచ ర్యాలీలలో జయమందిన మొదటి స్త్రీ యయ్యెను. 1982లోను 1984లోను నిర్మాతల బిరుదు ఆడీవారికే దక్కినది. బురదలో, మంచులో నాలుగు చక్రములును కలిసి నెట్టుచుండగా రెండు చక్రముల కారులు వెనుకబడిపోయినవి.

ఆ కలిసిపోవుటలోనే మా శిష్యుని యాపద దాగియున్నది. మలుపులో ముందు చక్రములకును వెనుక చక్రములకును గూడ దారిభేదము కలదు గనుక, ఈ రెంటి నడుమ ఇంకొక డిఫరెన్షియలు కావలెను. దానిని స్వేచ్ఛగా విడిచినచో, ఒక చక్రము బురదలో వట్టిగా తిరిగినప్పుడు బలమంతయు ఆ దారినే పోవును. అందుచే దానిని బిగించు ఉపాయములు కల్పించిరి. బిగించిన పిమ్మట ముందిరుసును వెనుకిరుసును ఒకే కాడికి కట్టిన యెడ్లవంటివి. వెనుకదానిని హాండుబ్రేకుతో పట్టితిమా, నడిమి కడ్డీ ద్వారమున ముందుదియు పట్టుబడును. చక్రములు నాలుగును జాఱినప్పుడు స్టీరింగు త్రిప్పినను ఫలము లేదు. "క్లచ్చి త్రొక్కితిని గదండీ!" అని మావాడు వాపోయెను. క్లచ్చి విడదీయునది ఇంజనును మాత్రమే. ముందువెనుకల నడిమి కట్టును అది విడదీయదు. ఈ రెండు ముక్కలు ఆనాడు నాకు తెలిసియుండవలసినది.

ఈ చిక్కును పందెగాండ్రు మొదట నేర్పుతో దాటిరి. కుడికాలు వేగమును పెంచుచుండగా ఎడమకాలితో బ్రేకు నొక్కిరి. మలుపునకు ముందు కారును ఎదురుదిక్కునకు ఊపి, ఆ యూపుతో తిప్పిరి. పిదప యంత్రనిర్మాతలు కట్టునే విప్పుట నేర్చిరి. 1990 తరువాతి దశాబ్దమున జపానుదేశపు సుబారువారు, 2001లో లాన్సర్ ఎవల్యూషన్ ఏడవ రూపమున మిత్సుబిషివారు, హాండుబ్రేకు లాగినంతనే నడిమి కట్టు సడలునట్లు చేసిరి. 2020లో వెలువడిన టొయోటా జీఆర్ యారిస్‌లోను వెనుకిరుసు అట్లే విడిపోవును. మన భారతీయుడు గౌరవ్ గిల్ 2013, 2016, 2017 సంవత్సరములలో ఆసియా పసిఫిక్ ర్యాలీ బిరుదములు గెలిచినది నాలుగు చక్రముల స్కోడా ఫాబియాతోనే. అనగా ఒకే పిడి ఒక కారులో కట్టు విప్పును. ఇంకొకదానిలో నాలుగు చక్రములను బంధించును. మఱియొకదానిలో నడిమి క్లచ్చిపలకలను కాల్చివేయును. మావాని కారు కట్టు విప్పెడి జాతిది కాదు. చూచుటకు మాత్రము అన్నియు ఒక్కతీరుననే యుండును.

స్థలమును గూర్చియు ఒకమాట. నా యౌవనమున నెల్లూరినుండి మద్రాసు పోవు పెద్దబాటపై షోలవరమున దిగి, అచటి పందెములు చూచియుంటిని. రెండవ ప్రపంచయుద్ధకాలపు పాడుపడిన విమానపు దారిపై, 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బువారు వానిని జరుపుచుండిరి. 1990లో ఇరుంగాట్టుకోటలో క్రొత్త బాట వెలసినది. 2008లో అమెరికా దేశస్థుడు కెన్ బ్లాక్ సుబారు కారును హాండుబ్రేకుతో బొంగరమువలె త్రిప్పిన చిత్రమును మా శిష్యుడు పలుమాఱులు చూచినాడట. అదియు కాలిఫోర్నియాలోని మూతపడిన విమానాశ్రయములో తీసినదే. వాడు కారును చూచెను గాని, చుట్టునున్న శూన్యమును చూడలేదు.

ఆఱితేరినవారికైనను జనము నడుమ ఈ విద్య చెల్లదు. 1986 మార్చిలో పోర్చుగల్ ర్యాలీయందు ఒక కారు బాట తప్పి ప్రేక్షకులలోనికి దూసికొనిపోగా ముగ్గురు మరణించిరి. ఆ మే నెలలోనే కార్సికా ద్వీపమున హెన్రీ టోయివోనెన్, సెర్జియో క్రెస్టో అనువారు లోయలో పడి దగ్ధులైరి. ఆ సంవత్సరముతోనే ఆ మహావేగపు కారుల తరగతిని రద్దుచేసిరి.

మైపాడు ఇసుక శూన్యము కాదు. అచట పడవలు ఒడ్డునకు లాగియుండును, వలలు ఆరవేసియుండును, వల బాగుచేయు తండ్రి ప్రక్కన పిల్లలు ఆడుకొనుచుందురు. ఆనాడు కారు బోర్లపడిన చోటునకు నలువది అడుగుల దూరమున ఒక పడవనీడలో ఇద్దఱు పిల్లలుండిరని మావాడు నాకు చాల ఆలస్యముగా చెప్పెను. చెప్పునప్పుడు వాని గొంతు వణకెను.

ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును నా విన్నపమొకటి. పిల్లలు "ఎందువలన?" అన్నప్పుడు తెలిసినచో చెప్పుడు, తెలియనిచో "రేపు చెప్పెదను" అని, ఆ రాత్రి తెలిసికొనుడు. నా వ్రాతప్రతిని మావానికి చూపగా రెండు తప్పులు దిద్ది, "ఇప్పుడు సరిపోయినదండీ" అనెను. బాకీ సగమైనను తీఱినదని తలచుచున్నాను.